మెట్టుకు అంచు

మా పెద్దమామ పోయిన సంగతి చిన్నమామ ఫోన్ చేసి చెప్పాడు. నేను అప్పుడే దవాఖాన నుంచి ఇంటికి వచ్చి, పెద్దమామ కోసం జావ కాస్తున్నాను.

“అన్న పోయిండు బిడ్డా. ఏం జేస్తం, మెట్ల మీద కాలు జారింది. రాత గట్లున్నది” అన్నాడు.

స్టవ్ కట్టేశాను. వెంటనే ఏడుపు రాలేదు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. కాలు జారడమేమిటి? ఆ మెట్ల మీద నీళ్లు లేవు, నూనె లేదు. మామ కాలు జారలేదు. కానీ దహనానికి వచ్చిన వాళ్లందరికీ చిన్నమామ అదే చెప్పాడు, వాళ్లు తలాడించి పక్కవాళ్లకు చెప్పారు, సాయంత్రానికల్లా మా మామ కాలు జారి పోయిన మనిషైపోయాడు. నేను ఈ నాలుగు ముక్కలు రాయడానికి మొదటి కారణం అదే.

పోయినవాళ్ల మంచి చెప్పి బతికున్నవాళ్ల తప్పులు కప్పిపెట్టడం ఇలాంటి రాతల్లో మర్యాద అని నాకు తెలుసు. మంచి చెబుతాను, బోలెడంత ఉంది. కప్పిపెట్టడం మాత్రం నా వల్ల కాదు. మామ మంచివాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా పోయాడు. నేను అంత మంచిదాన్ని కాను.

ఆయన మా అమ్మకు అన్న. వరంగల్ బజారులో మ్యాచింగ్ సెంటర్ నడిపాడు. అదేమిటో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు, మగవాళ్ల కోసం చెబుతున్నాను. చీర పట్టుకుని వెళ్తే దానికి సరిపోయే రంగులో జాకెట్టు గుడ్డ, లంగా గుడ్డ కోసి ఇచ్చే దుకాణం. నేల నుంచి కప్పు దాకా అరల్లో తానులు. ఒక్క ఎరుపులోనే ఒక గోడంతా. డిగ్రీ చదివి ఏం చెయ్యాలో తోచక ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి, ఆ దుకాణం మూలన కుట్టుమిషన్ వేసి కూర్చోబెట్టింది ఆయనే. “చదువు యాడికి పోదు, చేతికి పని నేర్పియ్యి” అన్నాడు. ఇవాళ పక్క షట్టర్లో నాకు సొంత టైలరింగ్ షాపు ఉంది. నేను తినే అన్నం ఆయన పెట్టిందే.

మామకు ఒక అలవాటు ఉండేది. ఎంత గిరాకీ ఉన్నా, ఎవరు తొందరపెట్టినా, చీరను తీసుకుని గడప దాకా నడిచి వచ్చేవాడు. చీర చెంగు నుంచి ఒక పోగు లాగి, తానులోని గుడ్డ మీద పరిచి, ఎండలోకి పట్టి చూసేవాడు. పోగు గుడ్డలో కలిసిపోతే కత్తెర తీసేవాడు. పోగు కనబడితే తాను మళ్లీ అరలోకి పోయేది. ఒకసారి వర్ధన్నపేట నుంచి వచ్చినామె బస్సు పోతుందని గోల పెట్టింది.

“జర జల్దీ కొయ్యి సేటూ. గంత ఎవలు చూస్తరు? అదే రంగు లెక్కనే ఉన్నది గదా.”

“ట్యూబ్‌లైట్ కింద అన్ని రంగులు చుట్టాలే అక్కా,” అన్నాడు మామ గడప దగ్గర నిలబడే. “ఎండలకు వస్తేనే తెలుస్తది, ఎవలు మనోళ్లో ఎవలు కాదో.”

“నీ అందాజ ఎన్నడు తప్పింది? అందాజకు కొయ్యి.”

“అందాజకు గుడ్డ కొయ్య. కోసినంక అది మల్ల అతుకది.”

ఆమె బస్సు పోయింది. తర్వాతి బస్సుకు సరైన గుడ్డతో పోయింది. ‘అందాజకు కొయ్యద్దు’ అన్నది ఆ దుకాణంలో వేదవాక్కు. ఉజ్జాయింపు అన్న మాటంటేనే ఆయనకు గిట్టదు. ఆ ఒక్క మాట మీద పట్టుదలే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంటుందని నాకప్పుడు తెలియదు.

గల్లా మీద చిన్నమామ కూర్చునేవాడు. మాటకారి. నలుగురిలో అన్నను పొగుడుతాడు, ఇంట్లో అన్న మాటను లెక్కచెయ్యడు. హనుమకొండలో కొత్తిల్లు కట్టించింది ఆయనే. అత్త ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు కాబట్టి పెద్దమామ తమ్ముడితోనే ఉండేవాడు. పైన గాలి బాగుంటుందని పై అంతస్తు గది ఇచ్చారు. నిజమే, గాలి బాగుండేది.

మామ కళ్లకు నీటికాసులు, డాక్టర్ల మాటలో గ్లాకోమా, వచ్చాయని మొదటే తెలిసింది. చుక్కలు వేసుకునేవాడు, ఒక్క పూట తప్పేవాడు కాదు. కానీ తేడా మాకు దవాఖానలో తెలియలేదు, పళ్లెంలో తెలిసింది. స్టీలు పళ్లెంలో పెరుగన్నం పెడితే సగం తిని చెయ్యి కడుక్కునేవాడు, మిగిలింది ఆయనకు కనబడేది కాదు. రోడ్డు మీద బూడిదరంగు కుక్క పడుకుని ఉంటే దాని తోక తొక్కాడు. ఒకరోజు నల్ల చీరకు ముదురు నీలం గుడ్డ కోసి నా దగ్గరికి పంపాడు. నేను ఏమీ అనకుండా నల్లగుడ్డ తెచ్చుకుని కుట్టేశాను. ఆయనకు ఎలా తెలిసిందో, సాయంత్రం వచ్చి నా మిషన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“బిడ్డా, రంగులు పోలే. ఎర్రది ఎర్రగనే ఉన్నది, పచ్చది పచ్చగనే ఉన్నది. రంగుకు రంగుకు నడుమ గీత పోయింది” అన్నాడు.

ఏ డాక్టరూ నాకు అంత తేటగా చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆయన కత్తెర ముట్టలేదు. పోగు పరిచి నన్ను పిలిచేవాడు. “ఇది కలిసిందా, నిలవడ్డదా, చూడు.” నేను చూసి చెబితే పనివాళ్లు కోసేవారు.

అప్పుడు మొదలైంది దవాఖాన తిరుగుడు. ఊళ్లో పేరున్న కంటి డాక్టరు. ఆయన పేరు రాయను. రాయకపోయినా ఇది చదివితే ఆయనకు తెలుస్తుంది. వాళ్లింటి జాకెట్లు చాలా ఏళ్లు నేనే కుట్టాను.

అక్కడ గోడకున్న మామూలు చార్టు మామ ఆఖరి వరుస దాకా గడగడా చదివాడు. తానుల మీద మిల్లు పేర్లు చదివి చదివి ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు బాగా వచ్చు. తెల్ల అట్ట మీద నల్లక్షరం, కనబడకేం? అప్పుడు నేనే అడిగాను, ఆయనకు కనబడనిది సన్న అక్షరం కాదు, పలచని రంగు అని. దానికి వేరే పరీక్ష ఉందన్నారు. అందులో అక్షరాలన్నీ ఒకటే సైజు. పైన నల్లగా ఉంటాయి, కిందికి వచ్చే కొద్దీ ఉతికి ఉతికి వెలిసిన అద్దకంలా పలచబడి, చివరికి అట్టలో కలిసిపోతాయి. ఎక్కడి దాకా చదివితే అంత నంబరు.

మొదటిసారి పరీక్ష చేసిన అమ్మాయి నెమ్మదస్తురాలు.

“ఇంకా కింద చెప్పండి అంకుల్.”

“తెల్వది బిడ్డా.”

“ఏదో ఒకటి ఉన్నట్టు అనిపిస్తుందా?”

“ఉన్నట్టే ఉన్నది. ఏందో తెల్వది.”

“తెలియకపోయినా అందాజకు చెప్పండి.”

మామ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “అందాజకు చెప్ప” అన్నాడు.

ఆ అమ్మాయి ఆయన ఆగిన చోట నంబరు రాసుకుంది. రెండోసారి పోయినప్పుడు వేరే అబ్బాయి ఉన్నాడు. కిటికీ తెర తీసి ఉంది, గదంతా వెలుతురు. ఆ అబ్బాయికి తొందర, వెనకాల చిన్నమామకు ఇంకా తొందర. “చెప్పే అన్నా, బయట మంది ఉన్నరు, ఏదో ఒకటి అను” అని భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. మామ సిగ్గుపడి నోటికొచ్చిన అక్షరాలు అన్నాడు. కొన్ని తగిలాయి. నంబరు పెరిగింది. మూడోసారి పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చోబెట్టి, కంట్లో పాపను పెద్దది చేసే మందు పోసి, ఆపైన పరీక్షకు పిలిచారు. ఆయన బాగా అలిసిపోయి ఉన్నాడు. నంబరు మొదటి దానికన్నా దిగింది.

డాక్టరు మూడు నంబర్లూ చూశాడు. మూడుసార్లూ ఎవరు చేశారు, ఏ వెలుతురులో చేశారు, ఏమని అడిగారు అని ఒక్క మాట అడగలేదు. మామ ఎదురుగా కూర్చుని ఉండగా, ఆయన తల మీదుగా చిన్నమామను చూసి మాట్లాడాడు.

“ఇది అన్‌రిలయబుల్ అండి. ఒకసారి తక్కువ చెప్తారు, ఒకసారి ఎక్కువ చెప్తారు. ప్రెషర్ కంట్రోల్లో ఉంది, చార్ట్ చివరి దాకా చదువుతున్నారు. చూపు బాగానే ఉంది. ఈ వయసులో కొందరికి ఇంట్లోవాళ్ల అటెన్షన్ కావాలనిపిస్తుంది.”

బయటికి వచ్చాక మామ నన్ను అడిగాడు, “అన్‌రిలయబుల్ అంటే ఏందిరా బిడ్డా?”

చిన్నమామ చెప్పాడు. “నీ మాట నమ్మేటట్టు లేదంటాండు.”

బజారులో ఒక్క మాట మీద బతికిన మనిషి. ‘సేటు చూసిండంటే మల్ల చూసుడు లేదు’ అని పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు చెప్పుకునే మనిషి. ఆ డాక్టరు తర్వాతి పేషంటును పిలిచి, టీ తాగి, ఆ మాట మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు. మరిచిపోను.

చిన్నమామకు ఆ మాట దొరకడం కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. టీ ఒలికితే అన్‌రిలయబుల్, చెప్పులు తారుమారైతే అన్‌రిలయబుల్. చుట్టాలు వస్తే వాళ్ల ముందు అన్న మొహం మీద చెయ్యి చాపి “గివి ఎన్ని వేళ్లు, చెప్పే?” అనేవాడు. మామ సరిగ్గా చెప్పేవాడు. అందరూ నవ్వేవారు.

ఒకసారి మాత్రం మామ అన్నాడు, “నీ వేళ్లు నల్లగున్నయి, ఎనుక గోడ తెల్లగున్నది. అవి కూడా కనవడకపోతే నేను గుడ్డోన్నేరా తమ్మీ. నేను గుడ్డోన్ని అంటలేను గదా.”

ఎంత చక్కగా చెప్పాడో చూడండి. ఆ గదిలో విన్నది నేనొక్కదాన్నే.

నేను ఊరుకోలేదు. ఇంకో చోట ఒక డాక్టరమ్మ ఉందని తెలిసి, మామను ఒప్పించి తీసుకుపోయాను. ఆమె పనివాళ్లకు వదలకుండా తానే పరీక్ష చేసింది. ముందు తెర వేసి, లైటు చూసుకుంది. మామ మళ్లీ అదే వరుస దగ్గర ఆగాడు. అందాజకు చెప్పనన్నాడు. ఆమె విసుక్కోలేదు, ఎందుకని అడిగింది.

“తప్పయితే గుడ్డ పాడయితది గదమ్మా.”

“ఇక్కడ మనం కోసేది ఏం లేదు పెద్దాయనా,” అంది ఆమె. “తప్పు చెప్పినా పర్వాలేదు. నీకు ఎక్కడ తప్పు వస్తదో చూసుడే ఈ పరీక్ష. నువ్వు ఆగిపోతే, కనవడక ఆగినవో, భయపడి ఆగినవో నాకెట్ల తెలుస్తది?”

మామ అట్ట వైపు కొంచెం వంగాడు. తర్వాత మొదలుపెట్టాడు. “అందాజకు, కె. అందాజకు, ఎన్. ఇది గూడ అందాజనే, డి.” ప్రతి అక్షరం ముందూ ఆ మాట చేర్చాడు, ఎవరైనా నిజమని కోసేస్తారేమోనని. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ రాసుకుంది. కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, అదే కుర్చీలో, అదే వెలుతురులో, అదే మాట చెప్పి మళ్లీ చేసింది. రెండు నంబర్లూ అప్పటికీ ఒకటి కాలేదు, కానీ దగ్గర దగ్గరగా వచ్చాయి.

“గిది టేపు పెట్టి గుడ్డ కొలిచినట్టు కాదమ్మా,” అని నాకు వివరించింది. “ఎవరికి చేసినా కొంచెం ఊగుతది. జబ్బున్న కంటికి ఇంకా ఎక్కువ ఊగుతది. ఒక్క పరీక్ష చూసి బాగైందనో పాడైందనో అనొద్దు. కానీ ఒకటి చూడు. మీరు తెచ్చిన ఆ మూడు, నేను చేసిన ఈ రెండు, అన్నీ కిందనే ఊగుతున్నయి. మంచి కన్ను చదివేకాడికి ఒక్కసారి గూడ పోలే. ఇగ దీంట్ల అబద్ధమేమున్నది?”

“అన్‌రిలయబుల్ అన్నరు మేడం.”

“ఆ మాట పరీక్షకు రాస్తరు. మనిషికి కాదు.”

మెట్ల అంచులకు కొట్టొచ్చేటట్టు రంగు వేయించమంది. అన్నం ముదురు రంగు పళ్లెంలో పెట్టమంది. ఈ జబ్బు అన్నదమ్ములకు రావచ్చు, తమ్ముడి కళ్లు కూడా చూపించమంది. తిరిగి వచ్చేటప్పుడు మామ దారిలో ఆటో ఆపి ముదురు నీలం పళ్లెం ఒకటి కొన్నాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. “ఊగేది పరీక్షనట బిడ్డా, నేను కాదు.” ఆయన్ని అంత సంతోషంగా చూడటం నాకు అదే ఆఖరు.

ఇప్పుడు ఆ ఇంటి మెట్ల సంగతి చెప్పాలి. చిన్నమామ గర్వమంతా ఆ మెట్లే. బూడిదరంగు గ్రానైట్, అద్దంలా పాలిష్. కింద హాలు నేల అదే రాయి, మెట్లు అదే రాయి, పైన వసారా అదే రాయి. ఎక్కడ నేల అయిపోయి ఎక్కడ మెట్టు మొదలవుతుందో సందెవేళ నాకే తెలిసేది కాదు.

“తమ్మీ, జర మెట్లకు అంచు కొట్టియ్యరా,” అని అడిగాడు మామ. “చీరకు అంచెందుకుంటది? చీర యాడ అయిపోయిందో తెల్వాలె గదా. మెట్టుకు గూడ గంతే.”

“పసుపు గీతలు గీస్తే దవాఖాన మెట్ల లెక్క ఉంటదే అన్నా. ఒక డాక్టర్ బాగున్నదంటడు, ఇంకో డాక్టర్ లేదంటది. ఎవల్ని నమ్మాలె? దసరాకు రంగులేపిస్తం గదా, అప్పుడు చూద్దాం తియ్యి.”

తన కళ్లు చూపించుకోమంటే, “నాకేమైంది, గుండ్రాయి లెక్కున్న” అన్నాడు.

దసరా దాకా ఆగడం నాకు చేతకాలేదు. బండ్లకు స్టిక్కర్లు అంటించే కొట్టులో పసుపు రేడియం టేపు కొని, నేనే పోయి ఒక్కో మెట్టుకు అంచు పొడుగునా అంటించాను. చిన్నత్త వంటింటి గుమ్మంలో నిలబడి మూతి తిప్పింది. మామ పై నుంచి కిందికి దిగాడు. గోడ పట్టుకోకుండా, కాలితో తడుముకోకుండా, చేతులు ఊపుకుంటూ దిగాడు. మళ్లీ ఎక్కి మళ్లీ దిగాడు.

“అబ్బ! కంచిపట్టు లెక్కున్నయి నీ మెట్లు” అని తమ్ముడితో అన్నాడు.

ఆ రోజుల్లోనే ఆ మొదటి డాక్టరు భార్య చీర పట్టుకుని దుకాణానికి వచ్చింది. మావిచిగురు రంగు పట్టుచీర, దానికి జాకెట్టు గుడ్డ దొరకడం కష్టం. మామ మామూలుగానే లేచి నిలబడి, గడప దగ్గర పోగు పరిచి నన్ను పిలిచాడు. నాకు ఒక దుర్బుద్ధి పుట్టింది. దుకాణం వెలుగులో సరిపోయినట్టుండి ఎండలోకి పోతే బురదలా కనబడే తాను ఒకటి మా దగ్గర ఉంది. అదే తెచ్చాను. కలిసిందని చెప్పాను. మామ ఆ గుడ్డను వేళ్లతో నలిపి, దాన్ని గాక నా మొహాన్ని చూశాడు.

ఆమె వినకుండా మెల్లగా అన్నాడు, “గుడ్డ మీద పగ తీర్చుకోవద్దు బిడ్డా. గుడ్డేం జేసింది? పోయి సక్కటిది తే.”

తెచ్చాను. ఆ జాకెట్టు ఆమెకు అతికినట్టు కుదిరింది. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

ఇక ఆ సాయంత్రం. చిన్నమామ ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. వరంగల్ నుంచి, హైదరాబాద్ నుంచి చుట్టాలు వస్తున్నారు, వీడియో తీసేవాళ్లు వస్తున్నారు. మెట్ల మీద పసుపు టేపు వీడియోలో బాగుండదని చిన్నత్తకు తోచింది. పనిమనిషి చేత బ్లేడుతో గీకించేసింది. గీకాక కిరోసిన్ గుడ్డతో తుడిపించింది కూడా, మరక ఉండకూడదని. అంత శ్రద్ధ. పైన గదిలో స్నానం చేసి తయారవుతున్న మామకు ఒక్కరూ ఆ సంగతి చెప్పలేదు.

తీర్థం తీసుకోవడానికి రమ్మని కింది నుంచి కేకేశారు. మామ వచ్చాడు. లైట్లు ఇంకా వెయ్యలేదు.

టేపు అంటించక ముందు ఆయన కాలితో తడుముకుని దిగేవాడు. టేపు వచ్చాక తడుముకోవడం మానేశాడు. పసుపు గీత కనబడితే మెట్టు, కనబడకపోతే నేల. ఎండలో చూసి నమ్మినట్టు నమ్మాడు. ఆ సాయంత్రం పసుపు కనబడలేదు కాబట్టి నేల మీదే ఉన్నాననుకుని అడుగు వేసి, కింది దాకా పడ్డాడు. దవాఖానలో కాసేపు తెలివి వచ్చినప్పుడు నాకు ఆయనే చెప్పాడు.

“అంచు రాలే బిడ్డా. ఇంకా వస్తదనుకున్న.”

ఆ తర్వాత కొన్నాళ్లు ఉన్నాడు గానీ, నాతో తెలివిలో అన్న ఆఖరి మాట అదే. కాలు జారింది అని చెప్పుకుంటున్న వాళ్లందరూ ఇది చదవాలి. ఆయన అందాజకు అడుగు వెయ్యలేదు. మీరు తీసేసిన దాన్ని నమ్మి వేశాడు.

చిన్నమామ మూలమలుపు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అన్న బొమ్మ, పక్కన తన బొమ్మ కొంచెం పెద్దది. లేత పసుపు మీద తెల్లక్షరాలతో ‘మా దారిదీపం’ అని రాయించాడు. బతికుండి దాని కింద నిలబడినా ఆ అక్షరాలు మామకు కనబడేవి కావు. నాకు నవ్వొచ్చింది. ఫ్లెక్సీ ముందు నిలబడి ఒక్కదాన్నే నవ్వాను, పాన్‌షాపు అతను వింతగా చూశాడు. ఏడుపు అప్పుడు వచ్చింది.

కర్మ రోజున భోజనాలయ్యాక హాల్లో అందరూ కూర్చున్నారు. చిన్నమామ గొంతు సవరించుకున్నాడు.

“అన్న పేరు మీద ఏమన్న జెయ్యాలె. పాలకుర్తి గుట్ట మీద గుళ్లె అన్న పేరుతోని ఒక బల్ల ఏపిద్దామనుకుంటాన్న. ఎంత ఖర్చైనా ఫికర్ లేదు.”

అందరూ మెచ్చుకున్నారు. నేను లేచాను.

“గుట్ట మీదెందుకు మామా? నీ అన్న అడిగింది ఒక్కటే గదా. మెట్లకు అంచు. ఈ ఇంట్లనే కొట్టియ్యి. టేపు కాదు, గీకితే పొయ్యేది కాదు. మిషన్ పెట్టి రాయి కోపియ్యి, కోసిన కాడ పసుపు నింపియ్యి. నీ అన్న పేరు రోజూ తలుస్తవు.”

చిన్నత్త మొహం పాలిపోయింది. మా అమ్మ తరపు ముసలి తాతయ్య ఒకాయన, ఏమీ తెలియని మనిషి, తల పైకెత్తి, “పిల్ల మంచి మాట చెప్పింది. పెద్దోళ్లం మాకు గూడ ఎక్కనీకె ఆసరైతది” అన్నాడు. మరో ఇద్దరు అవునన్నారు. ఎంత ఖర్చైనా ఫికర్ లేదని నలుగురిలో అన్నవాడు, కక్కలేక మింగలేక నా వైపు చూశాడు.

“గట్లనే కానీ” అన్నాడు.

మనసు మార్చుకునే వ్యవధి ఇవ్వకుండా మర్నాడే గ్రానైట్ కోసే మనిషిని వెంటబెట్టుకుని పోయాను. కుర్చీ తెప్పించుకుని వాకిట్లో కూర్చున్నాను. మిషన్ ఆ అద్దంలాంటి రాయిని కోస్తూ కీచుమంటుంటే, తెల్లటి దుమ్ము సోఫాల మీద, టీవీ మీద, షోకేసు మీద పడుతుంటే, చిన్నత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గదిగదికీ తిరుగుతుంటే, నేను టీ అడిగి తెప్పించుకుని మరీ తాగాను. జీవితంలో అంత తియ్యటి టీ తాగలేదు. గుడ్డ మీద పగ తీర్చుకోవద్దన్నాడు మామ. రాయి మీద తీర్చుకోవద్దని అనలేదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మొన్న జరిగింది కూడా చెప్పాలి.

సందెవేళ మామ బట్టలు కొన్ని తెచ్చుకుందామని ఆ ఇంటికి పోయాను. హాల్లో బూడిదరంగు గోడ పక్కన నిలబడ్డాను, నాది బూడిదరంగు చీరే. చిన్నమామ పై నుంచి వస్తూ నా వైపే చూశాడు, కానీ పలకరించలేదు. కోపమేమోననుకున్నాను. మెట్ల పైన ఆగి, వంగి, కింద ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. పసుపు గీత దొరికింది. దాని మీదికి బొటనవేలు చాపి, ఆనించి, అప్పుడు అడుగు వేశాడు. మళ్లీ వంగాడు.

“ఎవలది? ఎవలన్న ఉన్నరా ఆడ?” అన్నాడు.

“నేను మామా.”

“నువ్వా బిడ్డా. లైటేసుకోకపోతివి.” కళ్లు నులుముకున్నాడు. “ఈమధ్య జర మసక మసక ఉంటాంది.”

“మెట్లు కనవడుతున్నయా?”

రెయిలింగ్ పట్టుకున్నాడు.

“అందాజకు దిగుతాన్న” అన్నాడు.

నాకు సంతోషమైంది. అబద్ధమెందుకు, ఒళ్లంతా సంతోషమైంది. రేపు ఆయన్ని ఆ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోతాను. తీసుకుపోతానని చెప్పేశాను కూడా. ఆ అట్ట ముందు కూర్చోబెట్టి, పలచని అక్షరాల దగ్గర ఆగినప్పుడు వెనకాల నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, “చెప్పే మామా, ఏదో ఒకటి అను” అంటాను. ఎన్ని నంబర్లు వచ్చినా ఆయన మాట నమ్ముతాను. పెద్దమామ మేనకోడలిని కాబట్టి.

అది రేపటి సంగతి. ఆ సాయంత్రం మాత్రం పైకి పోయి ఆయనకు చెయ్యి అందించలేదు. లైటు కూడా వెయ్యలేదు. గోడ పక్కనే నిలబడి చూశాను. చిన్నమామ ఒక్కో పసుపు అంచును బొటనవేలితో వెతుక్కుంటూ, అన్న పేరు మీద అంచు కొట్టించిన మెట్లు దిగుతున్నాడు.